ఫోనుకు వేసిన కుర్చీ

పేదరికం ఎంత తగ్గిందో చూసి రమ్మని ఈసారి నన్ను ఆర్మూర్ వైపు పంపారు. వెళ్లాను, చూశాను, వచ్చాను. నా నడుము నొప్పి మాత్రం తగ్గలేదు. దాన్ని కొలవమని ఎవరూ అడగలేదు కూడా.

వెళ్లిన పనేమిటో ముందే చెబితే మీకూ నాకూ శ్రమ తప్పుతుంది. హైదరాబాదులో ఒక సంస్థ ఉంది. వాళ్లు ఏర్గట్ల దగ్గర ఒక ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి పసుపు ఉడకబెట్టే బాయిలరు, పాలిష్ పట్టే డ్రమ్ము ఇప్పించారు. పంట కాలంలో ఆ రెండింటి దగ్గర పని, ఊళ్లో అందరికన్నా లేని ఒక డజను కుటుంబాలకే. ఏడాదికోసారి ఊరంతా కూర్చుని ఆ డజనులో ఎవరు పైకొచ్చారో తేల్చాలి. పైకొచ్చిన ఇల్లు తప్పుకుంటుంది, ఎదురుచూస్తున్న మరో ఇల్లు ఆ చోటులోకి వస్తుంది. తేల్చేది ఆఫీసర్లు కాదు, సంస్థా కాదు. ఊరే. దీన్ని ప్రజా భాగస్వామ్యంతో పర్యవేక్షణ, మూల్యాంకనం అంటారు. గుక్క తిప్పుకోకుండా అనగలిగితే సగం ఉద్యోగం వచ్చినట్టే.

అందులో నేను బయటి పరిశీలకుణ్ణి. అంటే నోరు మెదపకుండా కూర్చుని, చివర్లో ఒక పేరా రాసి సంతకం పెట్టే మనిషిని. ఇలాంటి సభలు చాలా చూశాను. పేదవాళ్ల సంగతి ఏమో గానీ, సభల్లో వేసే చాపలు మాత్రం ఏటేటా పల్చబడుతున్నాయి.

మాది తెనాలి. పక్కనే దుగ్గిరాల మార్కెట్టు ఉంది కాబట్టి పసుపు గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదన్న ధీమాతో బయల్దేరాను. ధీమా కామారెడ్డి దాకా బాగానే ఉంది.

ఆర్మూర్

బస్సు దిగగానే మొదట కనిపించేవి బండలు. ఊరి నెత్తిన గుట్ట, గుట్ట నిండా ఎవరో లారీల్లో తెచ్చి దించేసి సర్దడం మర్చిపోయినట్టు రాళ్లు. తరువాత కనిపించేది గల్ఫ్. మాకు వీధికో మిఠాయి దుకాణం ఉన్నట్టు ఇక్కడ వీధికో ట్రావెల్స్ బోర్డు. టికెట్లు, వీసాలు, మెడికల్ టెస్టులు అన్నీ ఒకే గదిలో. ఊళ్లోంచి ఎక్కడికైనా వెళ్లడానికి ఇన్ని ఏర్పాట్లున్నాయి. నేను మాత్రం ఊళ్లోకి వచ్చాను. ఆటోవాడు నన్ను కాస్త జాలిగా చూశాడు.

సంస్థ తరఫున సభలు నడిపే మనిషి పేరు ప్రవీణ్. ఇద్దరు పిల్లల తండ్రి. జేబు నిండా స్కెచ్ పెన్నులు, సంచి నిండా రంగు రంగుల స్టిక్కర్లు. పది రూపాయల టీ తాగించి, తనకు తెలిసిన కమీషన్ ఏజెంటు దుకాణానికి తీసుకెళ్లాడు. నేను దుగ్గిరాల పాండిత్యం ప్రదర్శించబోయి, "కొమ్ములు బాగున్నాయండీ" అన్నాను. శెట్టిగారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశారు.

"కొమ్ములేంది సారు, ఎడ్లకుంటయి కొమ్ములు. గిది కాడి."

పాఠం అక్కడ మొదలైంది. పొడుగ్గా వేలిలాగా ఉండేది కాడి, దానికి మంచి ధర. గుండ్రటి తల్లి దుంప గోళ, దానిది నడిమి ధర. విరిగిందీ నలిగిందీ చూర. "పాలిష్ వట్టినంక అన్ని బంగారం లెక్కనే మెరుస్తయి. జర ఇరిసి సూడాలె" అంటూ ఒక కాడిని టక్కున విరిచి లోపలి రంగు చూపించారు. నేనూ ఒకటి విరవబోయాను. అది విరగలేదు. చేయి జారి బస్తా మీద పడ్డాను. తెల్ల చొక్కా ముందు భాగమంతా పసుపైంది. ఉతికితే ఇంకా బాగా అంటుకుంది. మిగిలిన యాత్రంతా ఆ చొక్కాతోనే జరిగింది, ఎందుకంటే రెండో చొక్కా ముందే చెమటకు లొంగిపోయింది.

రాత్రి భోజనానికి అంకాపూర్ కోడికూర తెప్పించాడు ప్రవీణ్. నాటుకోడి. ప్లేటు చొప్పున ఇవ్వరు, కోడి చొప్పున ఇస్తారు. ఇద్దరమే ఉన్నామంటే దుకాణంవాడు, "అయితె ఒక్కటే దీస్కపోండ్రి" అన్నాడట, ఏదో తగ్గించి ఇచ్చినట్టు. మా వైపు కారానికి పేరుందని మేమే చెప్పుకుంటాం. ఆ కూర తిన్నాక ఆ మాట కొంచెం మెల్లగా చెప్పుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఆలూర్

మర్నాడు ఆలూర్‌లో ఒక చిన్న సమావేశం. రిహార్సల్ లాంటిదన్నాడు ప్రవీణ్. కుర్చీలు ముప్పై వేయించాడు, మనుషులు నలుగురు వచ్చారు. పసుపు తవ్వే రోజులు. పొలం వదిలి వచ్చి పేదరికం గురించి మాట్లాడితే ఆ పూట కూలి పోయి ఇంకొంచెం పేదరికం వస్తుంది. ఈ చిక్కు గురించి ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు.

వచ్చిన నలుగురిలో ఒక ముసలాయన చుట్ట ఆర్పి, చెవి మీద పెట్టుకుని, ప్రవీణ్ ప్రశ్నలన్నీ ఓపిగ్గా విన్నాడు.

"పోయిన యేడు అచ్చినోళ్లు గూడ గివే అడిగిండ్రు బిడ్డా. మేం అన్ని చెప్పినం. వాళ్లు మీకు చెప్పలేదా?"

"వాళ్లది వేరే ఆఫీసు తాతా."

"మీరు మీరు మాట్లాడుకోరా?"

మాట్లాడుకుంటే మా ఉద్యోగాలు సగం ఉండవు.

ఆయనే లేస్తూ ఒక సలహా ఇచ్చాడు. "సభ వెడితె శుక్రారం వెట్టాలె. గుర్వారం ఎవలస్తరు? గల్ఫోళ్లకు శుక్రారమే ఛుట్టి."

ఊళ్లో సభకూ గల్ఫ్‌లో సెలవుకూ సంబంధమేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. ప్రవీణ్ నవ్వి, "రేపు శుక్రవారమే సార్, చూస్తరు గదా" అన్నాడు. అందుకే అసలు సభ శుక్రవారం పెట్టాడన్నమాట.

దారిలో హైవే పక్కన కాల్చిన మక్కకంకి తిన్నాం. మేం మొక్కజొన్న పొత్తు అంటాం. పేరేదైనా పళ్లలో ఇరుక్కోవడంలో తేడా ఏమీ లేదు.

ఏర్గట్ల వైపు బస్సు

శుక్రవారం పొద్దున ప్రవీణ్ సామాను సర్దడానికి బండి మీద ముందు వెళ్లిపోయాడు. నేను బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి బస్సు నిండా ఆడవాళ్లే. కండక్టరు నా దగ్గరకొచ్చి డబ్బు తీసుకునేటప్పుడు అందరూ తిరిగి చూశారు. ఒకావిడ ఒళ్లోకి సంచి లాక్కుని పక్కకు జరిగింది.

"కూసోండ్రి సారు. పైసలిచ్చినోళ్లు నిలవడితె మాకు పాపం తగుల్తది."

కూర్చున్నాను. ఆమెకు ముప్పై అయిదు ఉంటాయేమో. ఇస్త్రీ చీర, చేతికి బంగారు రంగు గడియారం. నా చొక్కా వైపు చూసి, "పెండ్లికి వోతున్నరా? నలుగు వెట్టుకొని అచ్చినట్టున్నరు" అంది.

"పెళ్లి అయిపోయిందమ్మా. చాలా కాలమైంది."

"గట్లనా. మరక ఇంక వోలేదా?"

వెనక సీటు వాళ్లు నవ్వారు. ఆమె నా వైపు వంగి, గొంతు తగ్గించింది.

"మీది గీ దిక్కు గాదు గదా?"

"కాదమ్మా, తెనాలి."

"గదేడుంటది?"

"చాలా దూరం."

"దూరమైతె మంచిది. సదువుకున్నోళ్ల లెక్క కనవడుతున్నరు, ఒక మాట అడుగుత. మస్కట్ల ఒక మనిషి కల్లివెల్లి అయిండు. ఇంటికి రావాల్నంటె ఏం జెయ్యాలె?"

ఆ మాట నాకు తెలియదన్నాను. ఆమె చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. కంపెనీ జీతం ఇవ్వకపోతే కొందరు అక్కణ్నుంచి పారిపోతారు. పాస్‌పోర్టు కంపెనీవాడి దగ్గరే ఉండిపోతుంది. ఇక దొంగలాగా ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకోవాలి. పోలీసులకు చిక్కితే జైలు. అలాంటి మనిషిని కల్లివెల్లి అంటారు.

"ఎవరా మనిషి?"

"మా ఆయిన."

ఎంబసీకి రాస్తే, అని మొదలుపెట్టాను.

"గదే అందరు చెప్తరు సారు. గదే చెప్తరని తెలిసి గూడ అడుగుత. ఎవలన్న యాదిమరిచి ఇంకోటి చెప్తరేమోనని."

నేను చేతిలోని టికెట్టును ఇంకో మడత పెట్టాను.

"పంపించిన ఏజెంటును అడుగుదామని అచ్చిన. దుకాణం బందు వెట్టిండు. ఊర్లె ఎవలకు చెప్పలే. చెప్తె ఆయినకు తెలుస్తది, ఊర్లె తెలిసిందని. ఇల్లు కట్టిచ్చిండు, టైల్సు ఏపిచ్చిండు, నలుగుట్ల పేరున్నది. గా పేరొక్కటే మిగిలింది ఇప్పుడు. మీరు ఊరోళ్లు గాదు గావట్టి చెప్పిన. ఎన్నొద్దులని కడుపుల వెట్టుకోవాలె."

"మరి ఇల్లెలా గడుస్తోందమ్మా?"

"పసుపు ఉడకవెట్టేకాడ పనున్నది, సంఘంది. గదుంటె చాలు. ఎట్లన్న ఎల్లుతది."

నాకు చెమట పట్టింది. అప్పటికే పట్టి ఉంది, ఇది వేరే రకం. అడగకూడదనుకుంటూనే ఏ ఊరమ్మా మీది అని అడిగాను. జవాబు అవసరం లేకపోయింది. బస్సు ఆగింది, ఇద్దరం ఒకే చోట లేచాం. కింద ప్రవీణ్ బ్యానరు చుట్ట చంకలో పెట్టుకుని, "సార్, రండి, అందరు కూసున్నరు" అని కేకేశాడు.

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది.

"సభకచ్చే సారు మీరేనా?"

"నేనేనమ్మా."

"నీ యవ్వ" అంది మెల్లగా. నన్ను కాదు, తెనాలిని అనుకుంటాను. తరువాత వేలు చూపించి, "నేనేం చెప్పలే. మీరేం ఇనలే" అంది.

"వినలేదమ్మా."

చీర కొంగు సర్దుకుని నాకంటే ముందు చకచకా వెళ్లిపోయింది.

కల్లం

ఊరి పేరు రాయను. సభ జరిగింది పసుపు ఆరబోసే కల్లంలో. ఒక పక్క ఉడికిన పసుపు ఎండుతోంది, ఇంకో పక్క మేం. సంఘం అధ్యక్షురాలు రాజవ్వకు అరవై దాటి ఉంటాయి. ముందు తన ఇంట్లో మక్క గట్క, పచ్చిపులుసు పెట్టించింది. గట్క అంటే మొక్కజొన్న నూకతో వండిన అన్నం. "ఇంక వెట్టుకోండ్రి" అంటే వద్దనకూడదన్న సంగతి నాకు మూడోసారి గరిటె పడ్డాక తెలిసింది. అలా కదల్లేని స్థితిలో కల్లానికి చేరాను.

ఆడవాళ్లంతా చాపల మీద బీడీలు చుడుతూ కూర్చున్నారు. ఒళ్లో చాట, చాటలో ఆకు, పొగాకు, కత్తెర. ఈ వైపు ఊళ్లలో ఆడవాళ్ల చేతులు బీడీల పని ఆపవు. మాట్లాడేటప్పుడూ, పోట్లాడేటప్పుడూ, బహుశా ఏడ్చేటప్పుడూ. ప్రవీణ్ మొదట్లోనే, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అని నియమం చెప్పాడు.

"చేతులు ఖాళీ లెవ్వు బిడ్డా, నోరు ఖాళీగున్నది, గాదానితోని చెప్తం" అంది రాజవ్వ.

అందరి ముందు ఒక్కటే కుర్చీ. నాకేమో అనుకుని మొహమాటపడుతూ దగ్గరికి వెళ్లాను. "అది గల్ఫోళ్లకు సారు" అని ఎవరో చాప చూపించారు. కుర్చీలో ఒక ఇత్తడి చెంబు, చెంబుకు ఆనించి ఫోను, ఫోను వేడెక్కకుండా పైన తడి తువ్వాలు. వాట్సాప్ కాల్ గల్ఫ్‌లో పలకదట, ఇంకేదో యాప్. తెర మీద చిన్న చిన్న గళ్లు, గడికో మనిషి. ఒకాయన ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, ఒకాయన పై మంచం మీంచి తల వేలాడదీసి చూస్తున్నాడు. కొన్ని గళ్లలో మొహం లేదు, పేరే ఉంది. ఊళ్లో ఏది తేల్చాలన్నా వాళ్లు వినాలి, మాట చెప్పాలి. అందుకే శుక్రవారం. ప్రజా భాగస్వామ్యం సముద్రం దాటడం నేను మొదటిసారి చూశాను.

కల్లం మీద ముగ్గుతో ఊరి పటం వేశారు. ఆ డజను ఇళ్ల మీద ప్రవీణ్ రంగు స్టిక్కర్లు పెట్టాలి. పచ్చ అంటే పైకొచ్చిన ఇల్లు, ఎరుపు అంటే ఇంకా లేని ఇల్లు. రెండు పెట్టాడో లేదో గాలొచ్చి స్టిక్కర్లు ఎండుతున్న పసుపులోకి పోయాయి.

"గా రంగుల కాయితాలు మాకేం తెలుస్తయి గని, పసుపు లేదా?" అని రాజవ్వ చారెడు పసుపు తెప్పించింది. పైకొచ్చిన ఇంటి మీద కాడి, నడిమిట్ల ఉన్న ఇంటి మీద గోళ, లేని ఇంటి మీద చూర. ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

మొదటి ఇళ్లు హాయిగా నడిచాయి. ఉల్లిగడ్డల మనిషి ఫోనులోంచి, "నర్సవ్వింట్ల ఫ్రిజ్జున్నది, కాడి వెట్టుండ్రి" అన్నాడు.

"అది నడుస్తదారా? గండ్ల బట్టలు వెట్టుకున్న" అంది నర్సవ్వ తలెత్తకుండా. "నువ్వు పంపిస్తవా కరెంటు బిల్లు?"

నవ్వులు. గోళ పెట్టారు.

తరువాత ప్రవీణ్, "గంగామణక్కది" అన్నాడు. నా బస్సు స్నేహితురాలు తలొంచుకుని బీడీకి దారం చుడుతోంది. డజనులోకి వచ్చినప్పుడు రేకుల ఇల్లట, ఇప్పుడు స్లాబు, టైల్సు, భర్త మస్కట్‌లో. ఫోనులోంచి ఒకేసారి మూడు గొంతులు, "కాడి! గది గూడ అడుగుతరా?"

ఆమె ఒక్కసారి ఫోను వైపు చూసింది. మొహం లేని గళ్లలో ఒకదాన్ని చూసిందని నాకర్థమైంది. ఆయన వింటున్నాడు. కాడి పడితే బాయిలరు పని పోతుంది. పని నిలబడాలంటే ఇప్పుడు, ఈ కుర్చీ ముందు, మేం లేనోళ్లమే అని నోరు తెరిచి చెప్పాలి. ఆమె దారం కొరికి తెంపి, ఇంకో ఆకు తీసుకుంది.

అప్పుడు నేను మాట్లాడాను. ఎందుకో తెలియదు. ఇన్నేళ్లలో ఏ సభలోనూ మాట్లాడలేదు. "ఇల్లు బయటి నుంచి చూసి కాకుండా, లోపలి పరిస్థితి కూడా ఒకసారి అడిగితే బాగుంటుందేమో" అన్నాను.

కత్తెరలన్నీ ఆగిపోయాయి. అవి చప్పుడు చేస్తున్నాయని ఆగాకే తెలిసింది. గంగామణి నన్ను చూసిన చూపు గురించి రాయను.

"ఎవలది? ఏం పరిస్థితి?" అంది ఫోను.

"ఏం లేదురా" అంది రాజవ్వ, అంతే మామూలుగా. "ఆంధ్రకెల్లి అచ్చిన సారు. ఎండ తాకింది పాపం. పొల్లా, సారుకు నీళ్లియ్యుండ్రి."

ఇద్దరు లేచారు. ఒకామె నా చేతిలో చెంబు పెట్టింది, ఇంకొకామె నెత్తిన చెంబెడు పోసింది. అది కాదమ్మా, అని నోరు తెరిచాను. మళ్లీ చెంబు. నోరు తెరిచినప్పుడల్లా అందులోకి నీళ్లు వచ్చాయి. చొక్కా మీది పసుపు ప్యాంటు దాకా దిగింది. నాకు ఎండ తాకిందని ఊరంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు చర్చ లేకుండా తేలిన అంశం అదొక్కటే.

రాజవ్వ కుప్పలో వెతికి అన్నిటికన్నా పొడుగు కాడి తీసి గంగామణి ఇంటి మీద పెట్టింది.

మొహం లేని గడి ఒకటి వెలిగింది. "రాజవ్వ చిన్నమ్మా, దండాలు. అందరు మంచిగున్నరా? మాది కాడిల వెట్టిండ్రు, సంతోషం. గా పని మాకు అక్కెర లేదు, లేనోళ్లకియ్యుండ్రి. గంగామణీ, నువ్వు గూడ బీడీలు బందు వెట్టు, కండ్లు వోతయి."

మాటలు మధ్యమధ్యలో సరిగ్గా వినపడలేదు. ఆయన వెనకాల సిమెంటు, కంకర కలిపే మిల్లరు తిరుగుతోంది. ఎవరో హిందీలో, జల్దీ, జల్దీ, అని అరుస్తున్నారు.

శుక్రవారం. అందరికీ ఛుట్టీ ఉన్న రోజు.

కల్లం మీద ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఉల్లిగడ్డల మనిషి కూడా ఉల్లిగడ్డల వైపే చూశాడు.

"మంచిది బిడ్డా" అంది రాజవ్వ. "పైలం."

ఖాళీ అయిన చోటు ఎస్తేరుకు వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి, రెండేళ్ల నుంచి వంతు కోసం చూస్తోంది. అందరూ సరేనన్నారు, ఫోనులోవాళ్లు చప్పట్లు కొట్టారు. "నెట్టు అయిపోతున్నది, ఉంటం మరి" అని రాజవ్వ ఫోను ఆపి, రెండోసారి ఆగిందో లేదో నొక్కి చూసి, తువ్వాలులో చుట్టి, ఆ కుర్చీలో తను కూర్చుంది.

అప్పుడు ఎస్తేరు, ఎవరితోనూ కాకుండా అంది. "నాకు బాయిలర్‌ కాడ పని రాదు. ఆవిరంటె భయం. ఒక జోడి గావాలె. గంగామణి వదినెను దీస్కపోత."

"దీస్కపో" అంది రాజవ్వ. "కూలి చెరి సగం."

"నేనేం అడగలే" అంది గంగామణి.

"నిన్నెవలడిగిండ్రు? నాకు భయమైతదంటున్న" అంది ఎస్తేరు. రెండేళ్లు ఎదురుచూసిన పనిలో సగం వదిలేస్తూ ఆమె మొహం చిరాగ్గానే ఉంది. ఆ చిరాకు కూడా ఎంతో మర్యాదగా అనిపించింది నాకు.

ప్రవీణ్ పెన్ను పట్టుకుని ఇబ్బంది పడ్డాడు. "అక్కా, గిట్ల చెరి సగం అని మన రూల్స్‌ల లేదు."

"నీకు గూడ ఎండ తాకిందా బిడ్డా?" అంది రాజవ్వ. చెంబు పట్టుకున్న ఆడవాళ్లిద్దరూ అటు తిరిగారు. ప్రవీణ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

బస్సు కోసం

సాయంత్రం చొక్కా ఆరుతుండగా రాజవ్వను అడిగాను, మీకెప్పటి నుంచి తెలుసని.

"ఏం తెల్సు?" అంది. ఎండుతున్న పసుపును కాలితో కలియదిప్పుతూ చెప్పింది. "అది బీడీలు ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె. మొన్న పసుపు తవ్వుడు మొదలైనప్పుడు మల్ల చాట వట్టుకొని అచ్చింది. పొద్దు వోతలేదన్నది. పొద్దు వోక బీడీలు జేసే ఆడిది ఏ ఊర్లె ఉంటది సారు?"

"మరి చూర పెట్టి ఉంటే ఆమె పని ఆమెకు పూర్తిగా ఉండేది కదా. ఎస్తేరుకు ఇంకో చోటు చూసేవాళ్లు."

"పెడుదుము. ఫోను లేకుంటె పెడుదుము. ఆడ వాని ఒక్క పానం, ఎవలు లేరు. ఊర్లె నా ఇల్లు కాడిల ఉన్నదనుకుంట నాలుగొద్దులు ఎక్కువ బతుకుతడు. అయితె మాకేం తక్కువైతది?"

ఎస్తేరుకు తక్కువవుతుంది, అనబోయాను. పక్కన నీళ్ల బిందె ఉంది. ఊరుకున్నాను.

బస్సు స్టేజీ దగ్గరికి గంగామణి వచ్చింది. తిట్టడానికే వచ్చింది. నిలబెట్టి తిట్టింది. "ఇనలే అంటిరి, మల్ల ఎందుకు మాట్లాడితిరి? జర ఉంటె ఆయిన ముంగట నా బతుకు ఇరిసి సూపెడుదురు." తప్పయిందన్నాను. తిట్టడం అయిపోయాక, సంచిలోంచి గుడ్డలో కట్టిన పసుపు తీసి ఇచ్చింది. ఈ సంగతి మా వైపు పత్రికలో రాసుకోవచ్చా అని అడిగాను. ఎంత దూరమో మళ్లీ అడిగింది. చాలా దూరమని మళ్లీ చెప్పాను.

"రాసుకో. పేరు మార్చు."

"ఏం పేరు పెట్టమంటారు?"

"గంగామణి అని వెట్టు. గీ దిక్కు ఇంటికొక గంగామణి ఉన్నది, ఎవలు దొరుకవట్టరు."

అందుకే ఆ పేరు పెట్టాను. బస్సు కదిలాక గుర్తొచ్చింది, ఆయన ఎలా తిరిగి రావాలన్న ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదని. ఆమె మళ్లీ అడగలేదు కూడా.

తెనాలి

ఇంటికొచ్చి విచారించాను. ఫోన్లు చేశాను. ఎంబసీకి రాయమన్నారు.

నివేదిక వచ్చింది. ఆ ఊళ్లో ఒక కుటుంబం ప్రజల సమక్షంలో, ప్రజల నిర్ణయంతో పేదరికం నుంచి బయటపడిందని అందులో ఉంది. పక్కన పొడుగు పసుపు కాడి బొమ్మ, చాలా స్పష్టంగా పడింది. అబద్ధమని అనలేను, ఊరే తేల్చింది. నిజమని అనడానికి ఆ మిల్లరు చప్పుడు అడ్డొస్తోంది. బయటి పరిశీలకుడి అభిప్రాయం కింద నాలుగు గీతల ఖాళీ ఇచ్చారు. రెండు రోజులు దాని ముందు కూర్చుని, "ఎండ ఎక్కువగా ఉంది. నీళ్లు బాగా ఇచ్చారు" అని రాసి సంతకం పెట్టాను. నా సూచనను సంస్థ చాలా శ్రద్ధగా తీసుకుంది. వచ్చే ఏడాది సభకు షామియానా మంజూరు చేశారట.

మా వీధి చివర ఎవరో ఇల్లు కడుతున్నారు. మిగిలిన రోజుల్లో నాకు పట్టదు గానీ, శుక్రవారం మిల్లరు తిరిగితే లేచి కిటికీ మూసేస్తాను. ఎందుకని మా ఆవిడ అడుగుతుంది. ఎండ తాకిందని చెబుతున్నాను.